బీడీ దారానికి కట్టిన విమానం

కోరుట్లలో మా పక్కింటి వజ్రమ్మత్త చేతులు ఊరికే ఉండవు. తొమ్మిదేళ్ళప్పుడు బీడీ కత్తెర పట్టింది. యాభై ఏళ్ళయినా ఇంకా దించలేదు. బీడీ కట్టకు ఇరవై ఐదు కాబట్టి, ఏది లెక్కపెట్టినా ఇరవై ఐదుకు ఆగుతుంది. నాలుగు నెలల కింద బిడ్డ వనిత పెళ్ళిలో అప్పాలు కూడా ఇరవై ఐదేసి మూటకట్టి పంచింది. నవ్వినవాళ్ళను తిట్టింది కూడా.

అంత నోరున్న మనిషి, అల్లుడు జగదీశ్‌తో మాత్రం మాట్లాడదు. కోపం కాదు, సిగ్గు. మా దిక్కు పాతకాలపు అత్తలు కొందరు అంతే. అతను రెండడుగుల దూరంలో కూర్చున్నా, తలుపు చాటు నుంచి "అల్లుడు చాయ్ తాగుతడా, అడుగు బిడ్డా" అని వనితకే చెబుతుంది.

జగదీశ్ సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేస్తాడు. విమానాల బొమ్మలు అతికించడం అతని పిచ్చి. మొన్న వచ్చినప్పుడు ఒక డబ్బా తెచ్చాడు. అందులో రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాళ్ళు నడిపిన మెస్సర్‌ష్మిట్ విమానం, ముక్కలు ముక్కలుగా ఉంది. ఐదు ప్లాస్టిక్ చట్రాలకు అంటుకున్న ఆ ముక్కలన్నీ కోసి అతికిస్తే జానెడు విమానం అవుతుందట. వనితకు ఒక ముక్క కోసి చూపించాడు. అంతలో మామ భూమన్న పంటినొప్పితో మూలుగుతుంటే, బండి మీద జగిత్యాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. వనిత పడుకుంది.

"పాపం, అల్లుడు ఇవన్ని ఎప్పుడు కోస్తడే? మనమే కోసిపెడుదాం" అంది వజ్రమ్మత్త, పక్కనే ఉన్న నాతో.

నేను ఆపాల్సింది. ఆపకపోగా చాట పట్టుకున్నాను. ఆమె బీడీ కత్తెరతో గంటలో అన్నీ కోసింది. కొన్ని చీమ ఎత్తుకుపోయేంత చిన్నవి. పోతాయేమోనని ఒక్కొక్కదాన్నీ కోయగానే బీడీ దారానికి ముడివేసి, మల్లెపూల లాగా దండ కట్టింది. ఇరవై ఐదుకో దండ. ఖాళీ చట్రాలను మున్సిపాలిటీ చెత్తబండిలో వేసింది నేనే.

సాయంత్రం జగదీశ్ చాట చూసి అక్కడే కూలబడ్డాడు.

"నంబర్లు చట్రాల మీదుంటయి వనితా, ముక్కల మీద కాదు. ఇగ ఏది ఏందో ఎట్ల తెలుస్తది? రెండేండ్లు ఎతికితే దొరికింది. ఇప్పుడు ఇది తయారు చేస్తలేరు కూడా."

అరిచినా బాగుండేది. మెల్లగా అన్నాడు. వజ్రమ్మత్త వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుంది. "ఇగ అల్లుడు మన గడప తొక్కడే" అని నాతో అంది.

వనిత ఒక దండ పైకెత్తి చూసింది. "అమ్మా, ఇవి కోసిన వరుసల్నే కట్టినవా?"

"మరి? అల్లుడు కోసినదాని పక్కకెంచి మొదలువెట్టిన. ఒక్కో చట్రం కుడి దిక్కుకెంచి, పైనుంచి కింది దాక. బీడీ ఆకు కోసినట్టే" అని వంటింట్లోంచి కొంచెం రోషంగానే జవాబు వచ్చింది.

జగదీశ్ తలెత్తాడు. డబ్బాలోని కాగితం తీసి నేలమీద పరిచాడు. దాని మీద ఐదు చట్రాల బొమ్మలున్నాయి, ప్రతి ముక్క పక్కనా నంబరు ఉంది. దండను పట్టుకుని బొమ్మ వెంట వేలు జరుపుకుంటూ పోయాడు. మొదటిది సరిపోయింది. రెండోదీ సరిపోయింది. నాలుగు దండలు, పైన పదకొండు ముక్కలు. ఒక్కటీ తప్పలేదు! నా గుండె మీంచి బండ దించినట్టయింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. జగదీశ్ కూడా నవ్వాడు.

అప్పుడే జిగురు తీసి మొదలుపెట్టాడు. రెక్కలు అతికించాక, చక్రం ముక్క ఒకటి తీసి కుడి రెక్క కింద పెట్టబోయాడు. తలుపు చాటు నుంచి డబ్బా మీది విమానం బొమ్మనే చూస్తున్న వజ్రమ్మత్త ఇక ఆగలేకపోయింది.

"అది గాదు అల్లుడా! అది ఎడమ రెక్కది. రెండో దండల ఇరువై మూడోది తియ్యి!"

అందరం ఆమెనే చూశాం. పెళ్ళయిన నాలుగు నెలల్లో అల్లుడితో ఆమె నేరుగా అన్న మొదటి మాట అది. అన్నాక తెలిసింది ఆమెకు. కొంగు తలమీదికి లాక్కుంది.

జగదీశ్ జరిగి, చాప మీద చోటిచ్చాడు.

"ఇట్ల కూసోండ్రి అత్తమ్మా. మీరే తీసియ్యిండ్రి."

వజ్రమ్మత్త వచ్చి కూర్చుంది. బీడీ కత్తెరతో ముడి తెంచి, ఇరవై మూడోది అతని అరచేతిలో పెట్టింది.