రెండు ముక్కుల పడవ

బ్రిటిష్ కాలంలో ఓడలను లాగిన చక్రాల స్టీమరు ఒకటి బురదలో మునిగి శిథిలమై పడి ఉన్న ఫోటో పేపర్లో చూసి, గోడకు తగిలించే గుడ్డ కోసం గ్రాఫు కాగితం మీద గీశాను. కుంఠా నాకా దగ్గర మా గుడ్డలు కొనే సేఠ్ ఒప్పుకుంటే ఇకపై మా మగ్గం డిజైన్లన్నీ నావేనని నాన్న మాటిచ్చాడు. వెనక భాగం విరిగిపోయింది కదా అని మిగిలిన ముందు సగమే గీశాను. మా జకార్డు మగ్గమేమో సగం బొమ్మ ఇస్తే, రెండో సగాన్ని అద్దంలోలా తిప్పి తానే నేస్తుంది. ఆ సంగతే మరిచాను. ఈ రోజు గుడ్డ మీద రెండు వైపులా ముక్కులతో నిండు పడవ దిగింది.

“అది మునిగిన పడవ, నాయినా!”

“మునిగినదాన్ని గోడకెవరు పెట్టుకుంటరు బిడ్డా? మగ్గమే రిపేర్ చేసింది, జాఊ దే, పోనీ.”

సేఠ్ చూడగానే ఒప్పుకున్నాడు. ఇక డిజైన్లు నావే. రెండు దిక్కులకూ ఒకేసారి బయలుదేరిన ఆ పడవ ఎటు పోతుందో మాత్రం మీరే చెప్పండి.