ఆరు గంటల గడిలో నా సంతకం

పోయిన మంగళవారం పొద్దున మా మనవరాలు ఫోన్ తెచ్చి నా చేతికిచ్చింది. "అవ్వా, పాకాల నుంచి ఎవరో ఆమె. ఎలుకల గది ఆయన భార్య అంట." ముందురోజు సాయంత్రం ఆయన పోయినాడని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయినాడని ఆమె చెప్పింది. "మీకొక మాట చెప్పాలనిపించింది" అని, నేను ఏమీ అనకముందే పెట్టేసింది.

తిరుపతిలో ఒక ఫార్మసీ కాలేజీలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. మందు ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందన్నది నా పాఠం. ఆ పాఠానికీ, పరిశోధనలకీ తెల్ల ఎలుకలు కావాలి. వాటిని పెంచే గదికి ఆయన అటెండరు. నాకంటే రెండేళ్లు చిన్న. ఆ రోజుల్లో నేను ఆయన్ని "నువ్వు" అనేదాన్ని. ఇప్పుడు "ఆయన" అని రాస్తుంటే ఆ గౌరవం బతికుండగా ఇచ్చి ఉండాల్సిందనిపిస్తోంది.

ఎలుకకు మత్తు ఎంత ఇవ్వాలో నాకు పుస్తకం చెప్పింది. ఇచ్చాక ఏం చూడాలో ఆయన చెప్పారు. నా మొదటి ఆపరేషన్ రోజు ఎలుకను తూచి, లెక్క కట్టి, సూది వేసి, గడియారం చూసి కత్తి పట్టుకున్నాను. ఆయన పట్టకారుతో దాని వెనక కాలి వేలు గట్టిగా నొక్కారు. కాలు వెనక్కి లాక్కుంది.

"ఇంకా మేలుకునే ఉండాది మ్మా."

"టైము అయింది కదప్పా!"

"గడియారానికి అయింది. దీనికి కాలేదు."

మూడు నిమిషాలు ఆగి మళ్లీ నొక్కారు. కాలు కదల్లేదు. "ఇప్పుడు కోసుకోండి" అన్నారు.

మత్తులో ఎలుక కళ్లు తెరుచుకునే ఉంటాయి, ఎండిపోతాయి. అందుకని ఆయన జేబులో ఎప్పుడూ కంటి మందు ట్యూబు ఉండేది. మత్తులో దాని ఒళ్లు చల్లబడిపోతుంది. రబ్బరు గ్లౌజుల్లో గోరువెచ్చని నీళ్లు పోసి ముడివేసి, దాని పక్కన పెట్టేవారు. ముందు తన చెంపకు ఆనించి వేడి చూసుకునేవారు. తెలివి వచ్చేదాకా ఏ ఎలుకనూ తక్కినవాటితో కలపనిచ్చేవారు కాదు. కుట్లు పడినదానికి మేత నానబెట్టి, లేచి అందుకోనక్కర లేకుండా పంజరం అడుగునే పెట్టేవారు. ప్రతిదానికీ ఒక మెత్తటి కాగితం వేసేవారు. ఎలుక దాన్ని చించి పక్క సర్దుకుంటే ఆయన మొహం తేటపడేది. కాగితం అలాగే పడి ఉంటే, అది నొప్పితో ఉందని చెప్పడానికి నా గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడేవారు.

"అరవడం లేదు కదప్పా" అన్నాను ఒకసారి.

"అరిస్తే పిల్లి వస్తాదని దానికి భయం మ్మా. నొప్పి దాచి పెట్టుకుంటాది. మనమే వెతకాల. వీపు సూడండి, ఎట్ల గూని పెట్టిందో. కండ్లు సగం మూసింది. బొచ్చు దువ్వుకోలేదు."

హాస్యం కూడా ఉండేది ఆయనకు. "మా ఇంటిదానికి జొరమొస్తే మాత్ర ఇయ్యను గానీ ఎలుకలకు ఏసీ ఏస్తానంట. రోజూ ఇదే రగడ" అని నవ్వేవారు.

ఇక నా సంగతి. కాలేజీలో నాకు పేరు తెచ్చింది నా రిజిస్టరు. ఏ ఎలుకకు ఏ మందు, ఎన్ని గంటలకు, ఎంత అన్నది ఒక్క కొట్టివేత లేకుండా రాసేదాన్ని. నొప్పి మందు తాళం వేసి ఉంచాల్సిన రకం. దాని బీరువా తాళంచెవి నా చేతి సంచిలోనే ఉండేది.

ఒక రోజు ఎనిమిది ఎలుకలకు కడుపు కోసి ఆపరేషన్ చేశాం. నొప్పి మందు కోతకు ముందొకసారి, సాయంత్రం ఆరుకు ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి వెయ్యాలి. మధ్యాహ్నం మా ఆడబిడ్డ కూతురి నిశ్చితార్థానికి నేను చిత్తూరు బస్సెక్కాను. తాళంచెవి నాతోనే వచ్చేసింది. తొందరలో మరిచిపోయానని చెప్పుకోవచ్చు. కానీ ఐదున్నరకు ఆయన ఫోన్ చేశారు.

"అమ్మా, బీగంచెవి యాడ పెట్టినారు?"

"నా దగ్గరే ఉంది."

"నేను బస్సెక్కి వచ్చేస్తా మ్మా. బస్టాండులో ఇయ్యండి చాలు. తొమ్మిదిన్నరకంతా తిరిగొచ్చేస్తా. ఇంకొక సారును నిలబెట్టి ఏయిస్తా."

"తాళంచెవి అటెండరు చేతికి ఇవ్వకూడదు. రూలు నీకు తెలీదా?"

"అయితే మీరన్నా రాండి మ్మా. ఒక్కటి గూడా కాగితం ముట్టలేదు."

పక్కన మా ఆడబిడ్డ వింటోంది. "ఏంది వదినా, ఎలుకలకు ఒళ్లునొప్పులంటనా? కాళ్లు పట్టేదానికి రమ్మంటాడా?" అంది. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆయనకు వినిపించే ఉంటుంది. "ఎలుకలే కదప్పా, పొద్దున చూద్దాం" అని ఫోన్ పెట్టేశాను.

పొద్దున వెళ్లేసరికి ఆయన ముందురోజు చొక్కాతోనే ఉన్నారు. మూడు ఎలుకలు తమ కుట్లు తామే కొరికేసుకున్నాయి. ఒకటి చచ్చిపోయింది. గ్లౌజుల్లో నీళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. నేను ముందు చేయాల్సింది బీరువా తెరవడం. రిజిస్టరు తెరిచాను. ముందురోజు ఆరు గంటల గడిలో ఎనిమిది ఎలుకలకూ, వాటి వాటి బరువును బట్టి, మందు వేసినట్టు రాసి సంతకం చేశాను. బీరువాలో కొలత సరిపోవాలని రాసినంత మందూ తొట్టిలో పారబోశాను. నొప్పితో ఉన్న ఎలుకల ఎదురుగా నొప్పి మందు పారబోశాను.

ఆయన చూస్తూ నిలబడ్డారు. "ఆరు గంటలకని రాసినారా మ్మా?" అన్నారు.

"ఊఁ."

పొద్దుటి మందు కోసం ఎలుకను చేతిలోకి తీసుకుని నా ముందు పెట్టారు.

కొన్ని వారాలకు జంతు ప్రయోగాల కమిటీ నుంచి తనిఖీకి వచ్చారు. వచ్చినవాళ్లలో ఒక పశువైద్యుడు రిజిస్టరు చూసి, నొప్పి మందు వేళకు పడితే ఇన్ని ఎలుకలు కుట్లు ఎలా కొరుక్కున్నాయని అడిగారు. ప్రిన్సిపాల్ ఎలుకల గది ఆయన్ని పిలిపించారు. "మేడమ్ రాసిందంటే రాసిందే. మందు పడింది. నువ్వే చూసుకోకుండా నిద్రపోయుంటావు."

ఆయన నా వైపు చూశారు. నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"తప్పు నాదే సార్" అన్నారు ఆయన.

మెమో ఇచ్చారు. ఎలుకల గది నుంచి తీసి గేటు దగ్గర వేశారు. పదవీ విరమణ దాకా నాలుగేళ్లు అక్కడే ఉన్నారు. గదిలో అడుగు పెట్టకూడదని రాతపూర్వకంగా ఉంది. నా మీది గౌరవంతోనే నిందను మోశారని ఆ నాలుగేళ్లూ, ఆ తర్వాతా నమ్మాను. చెప్పడానికి సిగ్గేస్తున్నా చెబుతాను, ఆ నమ్మకం నాకు కాస్త హాయిగా కూడా ఉండేది.

ఆ ఫోన్ వచ్చిన మూడోరోజు పాకాల వెళ్లాను. ఆయన భార్య వసారాలో చాప పరిచింది. ఆ మెమో అన్యాయమని, మందు వెయ్యకుండానే వేసినట్టు నేనే రాశానని చెప్పాను.

"తెలుసమ్మా. ఆ దినమే ఇంటికొచ్చి చెప్పినాడు."

"మరి ఎందుకు ఒప్పుకున్నారు? నా పరువు పోతుందనేనా?"

"మీ పరువా? రిజిస్టరు దొంగదని తేలితే గదికి బీగం ఏస్తారు, ఉండే ఎలుకల్నంతా ఒక్క దినంలో సంపేస్తారు అనినాడు. అంతే. మీ పేరే ఎత్తలేదు ఆయప్ప. నేను మటుకు ఊరుకోలేదు, మిమ్మల్ని నోరారా తిట్టినాను." నీళ్లచెంబు నా వైపు జరిపింది. "ఆయప్ప ఉన్నప్పుడు వచ్చింటే బాగుండు గదమ్మా. ఎంత దూరమని పాకాల?"

నిన్న కాలేజీకి ఉత్తరం రాశాను. ఆ గడిలో నేను రాసింది అబద్ధమని, మెమో రద్దు చేసి ఆ కాగితం ఆయన ఇంటికి పంపమని అడిగాను. చేస్తారో లేదో తెలియదు. మా పాత విద్యార్థులు నా రిజిస్టరును ఇంకా పొగుడుతుంటారు. ఇకమీదట పొగడొద్దు.

ఆయన గేటు దగ్గరున్న ఏళ్లలో, ఎండాకాలంలో సాయంత్రం ఐదుకు నేను ఇంటికి బయలుదేరే వేళకే కరెంటు పోయేది. గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన స్టూలు మీంచి లేచి నిలబడి ఉండేవారు. నా కోసం లేచారనుకుని తల ఊపి వెళ్లిపోయేదాన్ని. ఒక్కరోజు గొడుగు మరిచిపోయి, కొంత దూరం పోయినదాన్ని వెనక్కి తిరిగాను. ఆయన ఇంకా నిలబడే ఉన్నారు. వీపు నా వైపు, మొహం ఎలుకల గది గోడ వైపు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఉన్నారు. జనరేటర్ అందుకుంది. గోడకున్న ఏసీ ఫ్యాను రెండుసార్లు గరగరమని, తిరగడం మొదలుపెట్టింది. అప్పుడు కూర్చున్నారు.