అమ్మ వేసిన గేరు

మా అమ్మ పెళ్ళయిన నాటి నుంచి మా నాన్న లారీని సవతి అనే పిలిచింది. ఇంట్లో పడుకున్న రాత్రులకన్నా దాంట్లో పడుకున్నవే ఎక్కువని ఆమె దెప్పు. అబద్ధమూ కాదు. అయినా ఏటా ఆయుధపూజకు ఆ సవతికి పసుపూ కుంకుమా పెట్టేది ఆమే. కూడు పెట్టేదానికి ఒక్కరోజైనా మనం దండం పెట్టాలనేది. హోసూరులో కంపెనీ ఉద్యోగం చేసుకునే నాకు మాత్రం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం చూస్తే నవ్వొచ్చేది. నిమ్మకాయలు బ్రేకులు వేస్తాయా అని ఎగతాళి చేసేదాన్ని.

పోయినేడు నాన్నకు పక్షవాతం వచ్చింది. కాలు స్వాధీనంలోకి వచ్చింది గాని ఎడమ చెయ్యి రాలేదు. జీతానికి ఒక డ్రైవరును పెట్టుకున్నాం. పండగ కాగానే బండిని కుందారపల్లిలో ఒకాయనకు అమ్మేస్తామని అమ్మ మాట కూడా ఇచ్చేసింది. నాన్న ఔననలేదు, కాదనలేదు.

పండగనాడు జూజువాడిలో మా ఇంటి ముందు లారీకి అరటి పిలకలు కట్టాం. హారతి ఇచ్చి గుమ్మడికాయ కొట్టాం. నిమ్మకాయలు పెట్టి డ్రైవరు ఎక్కబోతుంటే నాన్న ఆపాడు. బండి ఎవరిదో వాళ్ళే నిమ్మకాయలు తొక్కించాలని మావాళ్ళ పట్టు. డ్రైవరే ఆయన్ని పట్టుకుని సీట్లోకి ఎక్కించాడు. స్టీరింగుకు కుడి చెయ్యి ఉంది, మరి గేరుకు? సాయానికి డ్రైవరు అటువైపు నుంచి ఎక్కబోయాడు. నాన్న వద్దని తల ఊపి అమ్మ వైపు చూశాడు.

“మే, నువ్వు రా. నేను చెప్పినప్పుడు ముందుకు తొయ్.”

అమ్మ కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఇన్నేళ్ళు తిట్టిన బండిలోకి మొదటిసారి ఎక్కింది. రెండు చేతులతో గేరు పట్టుకుంది. నాన్న క్లచ్ తొక్కి “ఊఁ” అన్నాడు. ఆమె తోసింది. అంత పెద్ద లారీ మెల్లగా ఒక్క అడుగు కదిలింది. నిమ్మకాయలు చిట్లి వీధంతా వాసన కమ్ముకుంది. నా చేతులు వాటంతటవే జోడయ్యాయి. దేవుడికో, బండికో, వాళ్ళిద్దరికో, ఎవరికి మొక్కానో ఇప్పటికీ చెప్పలేను.

నాన్న ఇంజను ఆపి, ఇంక చాలు, బండి ఇచ్చేయండి అన్నాడు. అమ్మ వెంటనే దిగలేదు. గేరును తాకి ఆ చేతులు కళ్ళకద్దుకుంది.

“కుందారపల్లి ఆయప్పకి నేను చెప్తాను. ఇది యాడికీ పోదు.”