పన్ను లేని దేశానికి మేజోళ్ళ మిషన్లు

మా బాబాయి మేజోళ్ళ ఫ్యాక్టరీలో మెకానిక్. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "నలభై మిషన్ల గోల చాలదా" అనేవాడు. మూత తెరవకుండా, పక్కన నిలబడి విని, ఏ మిషన్లో సూది వంగిందో చెప్పేవాడు. ఇంట్లో మాత్రం మూడోసారి పిలిస్తేగానీ పలికేవాడు కాదు.

ఒకరోజు యజమాని అందరినీ ప్యాకింగ్ హాల్లో నిలబెట్టి చెప్పాడు. పక్క దేశంలో కొత్త ఫ్యాక్టరీలకు పదేళ్ళు పన్ను లేదట, మిషన్లన్నీ అక్కడికి పోతాయట. బెల్లం ఉన్నచోటికే ఈగలు, ఆయన్ని అని ఏం లాభం అన్నారు పెద్దవాళ్ళు. నేను మాత్రం ఆయన్నే అన్నాను, ఇప్పటికీ అంటాను. మా పన్నులతో వేసిన రోడ్డు మీదనే కదా ఆయన లారీలు ఇన్నాళ్ళూ తిరిగింది!

మిషన్లు బిగించి, అక్కడ ఒకరికి పని నేర్పడానికి బాబాయి ఒక్కడినే రమ్మన్నారు. నేర్పడం పూర్తయ్యేదాకే ఉద్యోగం.

"నెమ్మదిగా నేర్పు బాబాయ్. ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

అక్కడ ఊరు కళకళలాడుతోందని ఫోన్లో చెప్పాడు. గేటు ముందు కొత్త హోటళ్ళు, సైకిల్ షాపులు, ఎక్కడా ఖాళీ గది దొరకదు. ఆస్పత్రిలో మాత్రం ఒక్కడే డాక్టరట. నేర్చుకోవడానికి వచ్చినామె అంతకుముందు ఇటుకబట్టీలో పనిచేసింది, ఇద్దరు పిల్లల తల్లి. ఏడాది సాగదీయగలిగిన పనిని బాబాయి రెండు నెలల్లో ముగించేశాడు.

"ఆమెకి వచ్చేసిందే. వచ్చినదాన్ని రాలేదని ఎలా చెప్పను?" అన్నాడు.

మర్నాడే యజమాని ఇంటికి పంపేశాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే అదే.

ఇక్కడ ఒక్కో షాపూ మూతపడింది. తోటి పనివాళ్ళు తలో ఊరూ పోయారు. బాబాయికి దొరికిన చిన్నాచితకా పనులేవీ నిలవలేదు. మా ఇంటికి భోజనానికి పిలిస్తే వచ్చి, తిని, ప్లేటు కడిగిపెట్టి వెళ్ళిపోయేవాడు. "కాసేపు కూర్చో" అంటే "మీకు పనులుంటాయిలే" అనేవాడు. వెళ్తున్న మనిషిని చూస్తే నాకు ఏడుపొచ్చేది.

అలా పదేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం అతని గదిలో నేనుండగా, అక్కడ పని నేర్చుకున్నామె ఫోన్ చేసింది. బాబాయి స్పీకర్ పెట్టాడు.

"అన్నా, ఇక్కడ పదేళ్ళు నిండాయి. ఇక పన్ను కట్టాలన్నారు. మిషన్లు ఇంకో దేశం పోతున్నాయి. నన్ను వెళ్ళి అక్కడివాళ్ళకి నేర్పమంటున్నారు." తర్వాత అడిగింది. "నాకు నేర్పినందుకు మీరెప్పుడైనా బాధపడ్డారా?"

"నేర్పినందుకు కాదమ్మా" అన్నాడు బాబాయి. "వెళ్ళు, నేర్పు. వచ్చేటప్పుడు వాళ్ళ నంబరు తీసుకో. తీసుకుని ఊరుకోకు, ఫోన్ చెయ్యి. నీ నంబరు దగ్గరుండీ, నీకు చెయ్యడానికి పదేళ్ళూ మొహమాటపడ్డాను."