పంతొమ్మిది రూపాయల ఏలీయా

ఆళ్లగడ్డ చరిత్రను ఎవరైనా శ్రద్ధగా రాయదలిస్తే, అందులో ఒక అధ్యాయం "ఇంకొక్కటి" అనే మాటకు కేటాయించక తప్పదు. ఏలీయా సారు ఈ మాటను మొట్టమొదట ఉచ్చరించింది ఎనిమిదేళ్ల కిందట, దొర్నిపాడులో ఒక నిశ్చితార్థంలో, పగలు పదకొండున్నరకు. సమయాన్ని ఆయనే నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాడు గనుక పండితుల మధ్య వివాదానికి తావు లేదు. చుట్టాలందరూ ఊపిరి బిగబట్టి, కడుపులు లోపలికి లాక్కుని, ఫొటో దిగి, హమ్మయ్య అని వదులైన క్షణంలో ఆయన "ఇంకొక్కటి" అని మీట నొక్కాడు. మొదటి ఫొటోలో చుట్టాలు పడ్డారు, రెండోదాంట్లో మనుషులు పడ్డారు. ఆనాటి నుంచి ఏ శుభకార్యంలోనూ ఆయన ఈ ఆచారానికి భంగం రానివ్వలేదు.

ఏలీయా అసలు వృత్తి లెక్కలు చెప్పడం. ఒక ప్రైవేటు హైస్కూల్లో పదో తరగతికి సంభావ్యత బోధిస్తాడు. సెలవు రోజుల్లో సెకండ్ హ్యాండ్ కెమెరా మెడలో వేసుకుని, పిలిచిన ఫంక్షనుకల్లా పోతాడు. తీసినందుకు ఏమీ పుచ్చుకోడు. ఫొటోలు, కింద పేరూ ఊరూ వయసూ రాసి, ఇంటర్నెట్టులో పెడతాడు, కావలసినవాళ్లు ఫోన్లో డబ్బు కట్టి దించుకోవాలి. మొదట్లో తలకు రెండు రూపాయల లెక్కన ధర పెట్టాడు. న్యాయమైన లెక్కే. కానీ ఒక పెళ్లికొడుకు, "మాకు పడని చిన్నాయన తలకు నేనెందుకు కట్టల్ల సార్?" అని అడిగితే గణితశాస్త్రంలో జవాబు దొరకలేదు. దాంతో మూడు రేట్లు స్థిరపరిచాడు: గుంపు ఫొటో ఇరవై తొమ్మిది, ఒంటరి ఫొటో నలభై తొమ్మిది, కుర్చీలూ పూలస్తంభాలూ ఉన్న అలంకరణ ఫొటో పంతొమ్మిది.

జనం ఏమీ కొనలేదు. ఫోన్ తెర మీద కనిపించినదాన్నే కనిపించినట్టు దింపుకుని స్టేటస్‌లో పెట్టుకున్నారు. దొంగలు వాడుకోకుండా ఏలీయా ప్రతి ఫొటో మీదా, డబ్బు కడితేనే పోయేట్టు, తన పేరు ముద్ర వేశాడు గనుక, దొర్నిపాడు మండలంలో చాలామంది పెళ్లికూతుళ్ల ముఖాల మీద ఇప్పటికీ ఏలీయా అని అడ్డంగా రాసి ఉంటుంది.

"ఈ నెల ఎన్ని అమ్మినావప్పా?" అని భార్య లూదియా అడిగేది. ఆమె ఆస్పత్రిలో నర్సు, ఏ విషయమైనా అంకెల్లో చెబితేనే నమ్ముతుంది.

"ఎంతమంది చూసినారో అడుగు."

"చూసేదానికేం, పానీపూరి బండి కాడ గూడా శానామంది నిలబడి చూస్తారు."

అట్లాంటి రోజుల్లో ఒక గిరాకీ వచ్చాడు. పేరు లేదు. సైటులో ఫోన్ నంబరు చివరి రెండంకెలే కనిపిస్తాయి: 41. కొనడం ఎప్పుడూ మధ్యాహ్నం రెండుకే. ఆ వేళకు ఎండకు వీధిలో కుక్క కూడా కదలదు, స్కూల్లో పిల్లలు కళ్లు తెరిచి నిద్రపోతుంటారు, సారు జేబులో ఫోన్ ఒక్కసారి వణుకుతుంది. నలభై తొమ్మిది. గుంపు ఫొటోలు ఆ మనిషికి అక్కర్లేదు. వయసు మళ్లినవాళ్లవి, ఒంటరివి, అందులోనూ "ఇంకొక్కటి" ఫొటోలే కావాలి. తన కళను గుర్తించినవాడు ఒక్కడైనా పుట్టాడని ఏలీయా మురిసిపోయాడు.

ఒకరోజు స్కూలుకు పోతూ నాలుగు రోడ్ల కాడ బండి ఆపాడు. కరెంటు స్తంభానికి కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. పైన "అశ్రునివాళి", కింద దీపం, రెండు పావురాలు, నడుమ దండలో బండి ఆత్మకూరు ఓబులేసు. కూతురి గృహప్రవేశంలో ఉక్కకు చొక్కా విప్పి, బనీను మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నప్పుడు ఏలీయా తీసిన ఫొటో అది. పెద్దాయన ఆ రోజు "ఇంకొక్కటి" అన్నప్పుడు ఎట్లా చూశాడో, స్తంభం మీది నుంచి అట్లాగే సారు వైపు చూస్తున్నాడు.

మూడో రోజు పలకరింపుకు పోయి, కొడుకు హరీష్‌ను అడిగాడు. "ఫొటో మీరే కొన్నారా అప్పా?"

"మాకేం తెల్సన్నా. ఆస్పత్రి నుంచి మా నాయన్ను తెచ్చేసరికే కట్టి ఉండాది. బంధువులెవరో కట్టించింటారులే అనుకున్యాం."

ఇంటికి వచ్చి ఏలీయా తేదీ చూశాడు. 41 ఆ ఫొటో కొన్నది ఓబులేసు చనిపోవడానికి పంతొమ్మిది రోజుల ముందు. ఆనాటికి పెద్దాయనకు జలుబు కూడా లేదు.

తర్వాత దొర్నిపాడు ఉమామహేశ్వరమ్మ. మునిమనవరాలి చెవులు కుట్టిన రోజు తీసిన ఫొటో. కొన్న ఇరవై రెండో రోజుకు ఆమె స్తంభమెక్కింది. తర్వాత ఒక రిటైర్డ్ బస్సు కండక్టరు, పద్నాలుగో రోజుకు. ముగ్గురివీ అవే పావురాలు, అదే దీపం.

41 కొన్న ఫొటోల్లో సువార్తమ్మది కూడా ఉంది. ఏలీయా వాళ్ల చర్చిలో ముందు వరుసలో కూర్చునే ముసలామె. ఏలీయా రోజూ స్కూలుకు పోతూ ఆమె గేటు దగ్గర ఆగి, ఆమె కదులుతోందో లేదో చూసుకుని పోవడం మొదలుపెట్టాడు. నాలుగో రోజు ఆమె చేట పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏందప్పా ఏలీయా, దినామూ వచ్చి చూసి పోతాండావ్? పెళ్లిచూపులా?"

"ఒంట్లో ఎట్లుంది అవ్వా?"

"నా ఒంటికేం, గుండ్రాయి మాదిరుంది. నీ మొగమే పీక్కపోయిండాది. బేగా పో, బడికి ఆలస్యమైతాది."

ఏలీయా తనకు తెలిసిన ఒకే ఒక ఆయుధం తీశాడు. ఒంటరి ఫొటో ధర నలభై తొమ్మిది నుంచి నాలుగు వందల తొంభై తొమ్మిదికి పెంచాడు. విషయం లూదియాకు చెప్పాడు.

"సావును గూడా రేటు పెంచి ఆపుతావా? మా ఆస్పత్రికి రా, డాక్టర్లకు గూడా నేర్పిద్దువు."

కానీ ఆగింది. రెండు వారాలు మధ్యాహ్నం రెండుకు ఫోన్ వణకలేదు. ఆ రెండు వారాలూ ఆయన ఎరిగినవాళ్లెవరూ పోలేదు. మృత్యువుకు ఐదు వందలు ఎక్కువేనని తేలింది. ఏలీయాకు ధైర్యం రావలసింది పోయి, భయం ఎక్కువైంది. ధర చూసి వెనక్కి తగ్గినవాడు, అక్కడే ఎక్కడో కూర్చుని చూస్తున్నాడన్నమాట.

మూడో సోమవారం రెండు గంటలకు, బోర్డు మీద పాచిక బొమ్మ గీస్తుండగా ఫోన్ వణికింది. పంతొమ్మిది రూపాయలు. అలంకరణ విభాగం, నూట పదమూడో ఫొటో.

అలంకరణే కదా అని తెరిచాడు. వేదిక, పూలస్తంభాలు, ఖాళీ కుర్చీలు. నడిమి కుర్చీలో, లూదియా గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో, తనే. పాస్టరు గారి రజతోత్సవానికి జనం రాకముందు వెలుతురు సరిచూసుకుందామని కెమెరాను స్టాండు మీద పెట్టి, టైమరు తిప్పి, పరుగెత్తి కూర్చున్నది. తీసేయడం మరిచి, మనిషెవరూ లేని ఫొటోల్లో కలిపేశాడు.

చేతిలో సుద్దముక్క విరిగింది. పిల్లలు మేలుకున్నారు.

పద్నాలుగు, పంతొమ్మిది, ఇరవై రెండు. ఏలీయా సగటు కట్టాడు. పద్దెనిమిది రోజుల చిల్లర వచ్చింది. జీవితబీమా వాయిదా ముందే కట్టేశాడు. గ్యాసు పుస్తకం ఎక్కడుందో, బీరువా రెండో తాళం ఎక్కడుందో కాగితం మీద రాసి బైబిల్లో పెట్టాడు. ఆరో రోజు ఆ కాగితం లూదియా చేతికి దొరికింది. ఆమె అరవలేదు, ఏడవలేదు. "యాడుంది ఆ ఫ్లెక్సీ, సూపియ్యి పా," అంది.

నాలుగు రోడ్ల కాడ కండక్టరు ఎండకు వెలిసిపోయి గాలికి టపటప కొట్టుకుంటున్నాడు. చావు ఫ్లెక్సీలో జనం ముఖం చూస్తారు, తేదీ చూస్తారు, నమస్కారం పెట్టి పోతారు. అడుగున చూడరు. లూదియా వంగి అడుగున చూసింది. చీమలంత అక్షరాల్లో ఒక ఫ్లెక్సీ షాపు పేరు, నంద్యాల, ఫోన్ నంబరు. చివర 41.

"నీ యముడు నంద్యాల్లో అంగడి పెట్టినాడప్పా. పోదాం పా."

ఆ శనివారమే బస్సెక్కారు. షాపు ఒక సందులో ఉంది. లోపల చీకటి, రంగుల వాసన. పెద్ద మిషను అటూ ఇటూ కదులుతూ ఒక ముఖాన్ని పైనుంచి గీతగీతగా కక్కుతోంది. జుట్టు వచ్చింది. నుదురు వచ్చింది. తన నుదురులాగే ఉందనిపించి ఏలీయా గోడ పట్టుకున్నాడు. కళ్లద్దాలు వచ్చాయి. ఏదో కోచింగ్ సెంటరులో ర్యాంకు కొట్టిన పిల్లవాడు.

కంప్యూటరు ముందున్న యజమాని, ముప్పై ఏళ్ల సందీప్, ఏలీయా పేరు చెప్పగానే ఫొటోల మీది ముద్రతో పోల్చుకుని లేచి నిలబడ్డాడు. "ఏలీయా సారా! కూచో అన్నా. నీ ఫొటోలంటే పానమన్నా నాకు."

"ఆయన పానం సంగతే అడిగేదానికి వచ్చినాం," అంది లూదియా.

సందీప్ ఏమీ దాచలేదు. 'రెడీ' అనే ఫోల్డరు తెరిచాడు. ఏలీయా ఎరిగిన ముఖాలు, ఆ ఉదయం కూడా ఊపిరి పీల్చిన ముఖాలు, వరసగా దండలు వేసుకుని కూర్చున్నాయి. సువార్తమ్మ పక్కన పావురాలు ఎగురుతున్నాయి. జననం నిండి ఉంది. మరణం దగ్గర గీత ఒక్కటే, ఖాళీగా.

"వార్త తెలిసినంక ఫొటో ఎతుక్కుంటే పక్క షాపోడు కట్టేస్తాడన్నా. అందుకే ముందే చేసి పెట్టుకుంటాం. తేదీ కొట్టి, తొలి బస్సుకే పంపిస్తాం. దుడ్లు పదకొండో దినం అడుగుతాం. కట్టినదాన్ని పీకేయమని ఏ కొడుకూ అనడు."

"మధ్యాహ్నం రెండుకే ఎందుకు కొంటావప్పా?" అడిగాడు ఏలీయా.

"ఆ ఏళకే కదన్నా అన్నం తినేది."

"నువ్వు ఫొటో కొన్నోళ్లందరూ పోతాండారే?"

"యాడ పోతాండారన్నా! పద్నాలుగు కొన్నా, ముగ్గురే పోయినారు. మిగిలినోళ్ల దుడ్లు ఇరుక్కపోయినాయి."

సంభావ్యత మాస్టరు నేల చూశాడు. లూదియా ఆయన్ను చూసింది. అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది.

"మరి నన్ను?"

సందీప్ ఇంకో ఫైలు తెరిచాడు. తెర మీద తెల్ల చొక్కా, గంజి మడతలతో, రెండు భుజాలతో, నిటారుగా కూర్చుని ఉంది. మెడ పైన ఏమీ లేదు. ఆ ఖాళీలోంచి వెనకాల కుర్చీ కనిపిస్తోంది.

"ఓబులేసు పెద్దాయన కొడుకు శానా గలాటా చేసినాడన్నా, మా నాయన్ను బనీను మీద స్తంభానికి కట్టినావే అని. దానికే మంచి చొక్కా ఎతుకుతాంటి. నీ మొగం కాదన్నా, నీ చొక్కా కొన్నా. తల అప్పుడే తీసేసినా." మీట నొక్కాడు. ఏలీయా భుజాల మీద ఓబులేసు తల వచ్చి కూర్చుంది, చక్కగా అతికింది. ఇంకో మీట నొక్కితే కండక్టరు. "సంవత్సరీకాలకు ఇవే కడతాం."

ఏలీయా తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాడు. ఆ రోజు కూడా అదే చొక్కా వేసుకుని వచ్చాడు. లూదియా ఆయన్ను మోచేయి పట్టుకుని గుమ్మం దాకా నడిపించింది. వెనక నుంచి సందీప్ పిలిచాడు.

"అన్నా, ఇంకొక్కటి. నీలం రంగు చొక్కాలో దిగింది ఏమన్నా ఉందా?"

ఏలీయాకు నీలం చొక్కా లేదు.