గజ ఈతగాడి మేనకోడలు

ఆ గజ ఈతగాణ్ణి అగ్నిమాపక కేంద్రంలో అందరూ ‘చేప’ అనేవారు. నీళ్లలో మునిగినవాళ్లను వెతికి బయటికి తీయడం అతని పని. కబురు అందేసరికే అంతా అయిపోయి ఉంటుంది కాబట్టి, తీసినవాళ్లలో ప్రాణంతో ఉన్నవాళ్లు లేరనే చెప్పాలి. ఆ సంగతి ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు. అన్నం ముందు కూర్చుని చెప్పుకునే మాటలా అవి?

ఒక వానాకాలం, క్వారీ గుంతలో పడిన పసిపిల్లను భుజాన వేసుకుని గట్టెక్కుతుంటే టీవీవాళ్లు తీశారు. పిల్ల అప్పటికే పోయింది. వార్తల్లో ఆ ముక్క మింగేసి, అతను పైకి రావడం ఒక్కటే, వెనక సంగీతం పెట్టి, రోజంతా తిప్పి తిప్పి చూపించారు. అక్క ఫోన్ చేసి సంతోషంతో ఏడ్చింది. అక్క కూతురు ఫోన్ లాక్కుంది.

“మామయ్యా, నేనూ నీలాగే అవుతా!”

“అలాగేలే తల్లీ” అన్నాడు. చిన్నపిల్ల ముచ్చట, రేపటికి మరిచిపోతుందనుకున్నాడు.

మరిచిపోలేదు. ఈత నేర్చింది, పరీక్షలు గట్టెక్కింది, ఏకంగా అతని జట్టులోకే వచ్చి పడింది. శిక్షణప్పుడు ఒకసారి టీ తాగుతూ అడిగింది.

“ఆ క్వారీ గుంతలో పాప ఇప్పుడేం చదువుతోందో మామయ్యా?”

అతను టీ ఊదుకుంటూ, “పెద్దదైపోయుంటుంది” అన్నాడు.

ఆమె మొదటిసారి పనిలో దిగింది వంతెన మీంచి కారు నదిలో పడిన రోజున. ఆ బురదనీళ్లలో ముఖం ముందు పెట్టుకున్న చెయ్యి కూడా కనబడదు, తడుముకుంటూ పోవాల్సిందే. కాసేపటికి అతన్నీ ఆమెనీ కలిపిన తాడు రెండుసార్లు కదిలింది. దొరికినట్టు గుర్తు. అతను వెళ్లేసరికి ఆమె వెనకసీట్లోని కుర్రాడి చొక్కా గట్టిగా పట్టుకుని ఉంది.

గట్టున ఆ కుర్రాడి తల్లి ఆమె చేతులు పట్టేసుకుంది. “నోట్లో ఊపిరి ఊదమ్మా! టీవీలో చూశాను, లేస్తారు!”

ఆమె మోకాళ్ల మీద కూలబడి ఊదింది. చల్లబడిపోయిన నోట్లో ఊదుతూనే ఉంది.

“చాలమ్మా, లే” అన్నాడతను.

“వదులు మామయ్యా!”

చివరికి ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చింది. బండిలో కూర్చున్నాక, తల తుడుచుకోకుండానే అడిగింది.

“ఆ పాప కూడా ఇంతేనా?”

అతను తువ్వాలు తీసి అందించాడు.

“అడిగితే పెద్దదైపోయుంటుందన్నావు.”

ఉద్యోగం మానేస్తుందనుకున్నాడు. మానేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. తెల్లారి అతనికంటే ముందే వచ్చి, ఆరిన తాళ్లు చుట్టి పెడుతోంది. “నిన్న నేను...” అని మొదలుపెట్టబోతే, “చెప్పండి సార్” అంది.

ఆ తర్వాత ఆమె నోట మామయ్య అన్న పిలుపు రాలేదు. అక్క ఇంటికి భోజనానికి వెళ్తే అక్కడా అంతే.

“సార్‌కి ఇంకాస్త కూర వెయ్యమ్మా.”

అక్క అది వేళాకోళమనుకుని పడీ పడీ నవ్వింది. అక్క నవ్వుతోంది కదా అని అతనూ నవ్వాడు.