నీలవేణి గారి జీడి షెడ్డు ఫైలు

2022 జూన్‌లో నన్ను పలాసకు బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ కమిషనర్, రాష్ట్ర పన్నుల శాఖ. జీఎస్టీ వచ్చి ఐదేళ్లయినా ఊళ్లో అందరికీ నేను పాత పేరుతో సీటీవో గారినే. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. మోకాళ్ల నొప్పులు, కొత్త చోటు చూడాలన్న ఉత్సాహం ఏ కోశానా లేదు. బల్ల మీదికి వచ్చిన కాగితం చదివి, సంతకం పెట్టి, సాయంత్రం బండెక్కితే చాలనుకునేవాణ్ణి.

అలా వచ్చిన కాగితాల్లో ఒకటి లీజు బదిలీ దస్తావేజు. పారిశ్రామిక వాడలో ప్రభుత్వం దీర్ఘకాలపు లీజుకిచ్చిన ప్లాటు, అందులో జీడిపప్పు షెడ్డు. లీజుదారు నీలవేణి గారు, ఉద్దానంలోని ఒక పల్లె ఆవిడ. మిగిలిన లీజు కాలాన్ని ఒక వ్యాపారికి రాసిచ్చేశారు. స్థలం అమ్మితే జీఎస్టీ లేదు. లీజు హక్కును మరొకరికి బదలాయిస్తే మాత్రం అది సేవ కిందికి వస్తుందని, పద్దెనిమిది శాతం వేయాలని మాకున్న ఆదేశం. దీని మీద కోర్టుల్లో వాదాలు నడుస్తూనే ఉన్నాయి. ఆ వాదాలు తేలేదాకా మా చేతులు ఖాళీగా ఉండవు కదా. నోటీసు ఇచ్చాను.

వ్యక్తిగత విచారణకు ఆవిడ ఒక్కతే వచ్చింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టాక మళ్లీ ఇదేమిటని అడిగింది. అది వేరు, ఇది వేరు అని చెప్పాను. ఈ మాట ఆ సర్కిల్లో కనీసం వందమందికి చెప్పి ఉంటాను. మాటిమాటికీ గోడ గడియారం వైపు చూస్తోంది. భర్తకు కిడ్నీలు పోయాయి, వారానికి మూడు రోజులు డయాలసిస్. అతన్ని ఊరి నుంచి ఆటోలో తేవడం, తీసుకుపోవడంతోనే సరిపోతోంది, షెడ్డు చూసుకునే తీరిక లేదు. వచ్చిన డబ్బుతో పలాసలో ఆసుపత్రి దగ్గర ఇల్లు తీసుకుని ఉండాలని ఆవిడ ఆలోచన. ఆటో కుదుపులకు ఆయన తట్టుకోలేకపోతున్నాడట.

నేను అడగాల్సినవి అడిగాను. దస్తావేజు మీరు రాయించిందేనా, సంతకం మీదేనా, సొమ్ము ముట్టిందా. అన్నిటికీ అవునంది. పన్నులన్నీ అమ్మినవారివే అని దస్తావేజులో ఉంది కనుక కొన్నాయనకు సంబంధం లేదు. వారం తర్వాత పన్ను ఖరారు చేస్తూ ఉత్తర్వు ఇచ్చాను.

తర్వాతి నెల కొన్నాయన ఆ షెడ్డును తన రిజిస్ట్రేషన్‌లో చేర్చమని దరఖాస్తు పెట్టాడు. దానికి స్థలం చూసి రావాలి. ఇన్‌స్పెక్టరు సెలవులో ఉండడంతో విసుక్కుంటూ నేనే వెళ్లాను. లోపల ముప్పైమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని పప్పు మీద పొర తీస్తున్నారు. కొత్తగా చేరారా అని ముందున్న దాలమ్మ అనే పెద్దావిణ్ణి అడిగాను. ఆవిడ నవ్వింది.

"కొత్తేటి బాబూ? పన్నెండేల్లయింది. సెడ్డు సేతులు మారితే మేవెక్కడికెల్తాం? నీలేనమ్మే ఈ బాబుని ఎంటబెట్టుకొచ్చి, ఎవులు గుండు పప్పు ఇరక్కుండా తీత్తారో, ఎవులిది ఏ ఊరో పేరు పేరునా సెప్పి ఒప్పజెప్పింది."

అక్కడి ఆచారం అదట. పాత యజమాని కొత్తాయన్ను వెంట తెచ్చి మనుషుల్ని ఒప్పజెబితే గాని షెడ్డు ఇచ్చినట్టు కాదు. బాయిలరు, తట్టలు, హాజరు పుస్తకం, సరుకు తెచ్చే రైతుల పేర్లు, అన్నీ వాళ్లతో పాటే. అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ కాగితం మీద రాయరు. కొత్తాయన హాజరు పుస్తకం చూపించాడు. నెల మధ్యలో యజమాని మారాడు గాని ఒక్క రోజు కూడా పని ఆగలేదు.

పుస్తకం మూసి ఆయన చేతికిచ్చేశాను. నడుస్తున్న వ్యాపారాన్ని మొత్తంగా అప్పగిస్తే దాని మీద జీఎస్టీ లేదు. మినహాయింపుల పట్టికలో ఉన్న మాటే అది, నాకు తెలియనిది కాదు. కాని సంతకం పెట్టిన ఉత్తర్వును నేను వెనక్కి తీసుకోలేను. అంకె తప్పో, అక్షరం తప్పో పడితే దిద్దవచ్చు. ఇది అలాంటి తప్పు కాదు.

మర్నాడు నీలవేణి గారిని పిలిపించాను. ఆవిడ సంచిలోంచి చలానా తీసి చూపించింది.

"కట్టీసినాను బాబూ. మీరు సెప్పినారు గదా."

పనివాళ్లతో సహా అప్పగించినట్టు విచారణలో ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతులో కాస్త కోపం కూడా ఉందేమో.

"మీరు అడిగినయన్నీ సెప్పినాను. ఆడోల్ల మాట మీరు అడగనేదు గదా."

మూడు నెలల్లో విశాఖపట్నంలో అప్పీలు వేసుకోవచ్చని చెప్పాను. నా ఉత్తర్వు ఎక్కడ తప్పో నేనే ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆ పని చేయకూడదు, చేశాను. ఆవిడ దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇశాపట్నం తిరగాలంటే ఈయన్ని ఎవులికి ఒగ్గీసి ఎల్తాను బాబూ?" అంది.

మూడు నెలలూ పోర్టల్లో చూస్తూనే ఉన్నాను. అప్పీలు పడలేదు. పన్ను కట్టాక ఆవిడ పలాసలో ఇల్లూ తీసుకోలేకపోయింది. ఆసుపత్రి ముందు ఆవిడ భర్తను ఆటోలోంచి దింపడం ఆఫీసుకు వెళ్తూ రెండు మూడుసార్లు చూశాను. బండి ఆపలేదు.

ఆ తర్వాత లీజు బదిలీ ఫైలు ఏది వచ్చినా ముందు ఆ స్థలానికి వెళ్లి చూసేవాణ్ణి. విచారణలో ఇంకో ప్రశ్న చేర్చుకున్నాను: దీనితో పాటు ఇంకేం అప్పగించారు? పన్ను ఎంతో తేల్చడానికి దస్తావేజు చాలు. అసలు పన్ను ఉందో లేదో తేల్చడానికి చాలదు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు తర్వాత నేను ఇది నేర్చుకున్నాను, దాని ఖర్చు నీలవేణి గారు పెట్టుకున్నారు.